పరాయి జాగాలో విజయవనం

భూమి కొని మోసపోయినవాళ్ళు మన దగ్గర వీధికొకరు ఉంటారు. వాళ్ళ కథలు మీరు వినే ఉంటారు. ఒకరి జాగా చెరువులో తేలుతుంది, ఒకరిది రోడ్డు కిందికి పోతుంది, ఒకరిది అంతకుముందే ఇంకో నలుగురికి అమ్మి ఉంటుంది. వాళ్ళందరికీ తిట్టుకోవడానికి ఒక మోసగాడైనా ఉన్నాడు. నాకు ఆ అదృష్టం కూడా లేదు. నన్ను ఎవరూ మోసం చెయ్యలేదు. అందరూ నిజమే చెప్పారు, అడిగితే ఇంకా చెప్పేవారు. అయినా సరే, పరాయి మనిషి జాగాకు ఎరువు తోలి, గొర్ల మంద పెట్టించి, చెట్లు నాటి, నీళ్ళు పోసి పెంచి, చివరికి ఆ మనిషినే దగ్గరుండి తిప్పి చూపించి, "ఇది మాది" అని గొప్పలు చెప్పుకున్న ఘనుడు సూర్యాపేట మొత్తం మీద నేనొక్కడినే. ఇంతకీ నేను బడిలో పిల్లలకు ఏం చెబుతానో తెలుసా? లెక్కలు. అందులోనూ వైశాల్యాలు. అప్పుడే నవ్వకండి, ఇంకా అసలు సంగతికి రాలేదు.

మా ఆవిడ విజయది కోదాడ. పుట్టింట్లో పెద్ద పెరడు, పెరటి నిండా చెట్లు. పెళ్ళయి నాతో సూర్యాపేటకు వచ్చిన దగ్గర్నుంచి అన్నీ కిరాయి ఇళ్ళే. ఇల్లు మారినప్పుడల్లా మా సామాను ఒక ట్రాలీ ఆటోలో, ఆవిడ మొక్కలు ఇంకో ట్రాలీ ఆటోలో వెళ్ళేవి. అన్నీ రంగు డబ్బాల్లోనే. గులాబీ ఉన్న డబ్బా మీద "వాన నీటికి చెక్కుచెదరదు" అని రాసి ఉండేది, గులాబీ మాత్రం వానాకాలం రాగానే కుళ్ళిపోయేది. ఓనర్లకు మొక్కలంటే పడదు. స్లాబు మీద పెడితే చెమ్మ దిగుతుందంటారు, నేలలో పెడితే పునాదిలోకి వేళ్ళు పోతాయంటారు, వరండాలో పెడితే దోమలంటారు. ఇక మిగిలింది మా నెత్తి మీద పెట్టుకోవడమే.

చివరి కిరాయి ఇంట్లో విజయ ధైర్యం చేసి గేటు పక్కన నేలలోనే మల్లెతీగ నాటింది. అది గేటు మీదికి ఎక్కి, గోడంతా పరుచుకుని, ఎండాకాలం వచ్చిందంటే వీధి వీధంతా గుబాళించేది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి తీగ లేదు. ఓనరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మల్లెచెట్టుకు పాములొస్తయి సారూ. మా అల్లుడు చెప్పిండు. అందుకే కొట్టేపిచ్చిన" అన్నాడు.

"ఇన్నేండ్లల్ల ఒక్క పామన్న వచ్చిందా?"

"వచ్చినంక కొడితె ఏం లాభం?"

దీనికి జవాబు చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు. లోపలికి వెళ్ళి చూస్తే విజయ నరికిన కొమ్మలు ముందేసుకుని, ఇంకా విచ్చుకోని మొగ్గలు ఒక్కొక్కటీ ఏరుతోంది. ఏడుస్తుందేమో, ఓదారుద్దామని కూర్చున్నాను. ఏడవలేదు. "ఇంకెక్కడా నేలలో పెట్టన్లెండి" అంది, అంతే. ఆ మాట నా గుండెల్లో ముల్లులా దిగింది. "ఇగ నీ చెట్టు మీద ఎవ్వడు చెయ్యి వెయ్యకుంట నేను సూస్త. సొంత జాగ కొంట" అని అక్కడికక్కడే శపథం చేశాను. మగవాడు ఆవేశంలో శపథం చేస్తే ఇంట్లోవాళ్ళు సామాను సర్దుకుని జాగ్రత్తగా ఉండాలి. కానీ విజయ నమ్మింది. అదే ఆవిడ చేసిన తప్పు.

ఇల్లు దొరకడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. యాదగిరి అనే ఆయన ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని ఉండేవాడు. సొంతూరు తుంగతుర్తిలో పొలం చూసుకునేవాళ్ళు లేక, ఇల్లు అమ్మి ఊరికి పోదామనుకుంటున్నాడు. వెళ్ళి చూశాం. ఇల్లు చిన్నదే. రెండు గదులు, వంటిల్లు. కానీ వెనక తలుపు తీస్తే కళ్ళు చెదిరాయి. పందిరి మీద బీర, కింద గోంగూర, ఒక పక్క టమాట, చుట్టూ రాతి కడీలు పాతి కట్టిన తీగ కంచె. విజయ చెప్పులు విడిచి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. వంగి గుప్పెడు మట్టి తీసుకుని వాసన చూసింది. వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇంక నాకు ఇల్లు ఎలా ఉందో, గోడలు పగిలాయో, కప్పు కారుతుందో ఏదీ కనిపించలేదు.

కోదాడ నుంచి మా బామ్మర్ది రమేష్‌ను కూడా పిలిపించాం. వాడిది సెల్‌ఫోన్ల దుకాణం. అద్దం మీద గీత ఉందేమోనని కొత్త ఫోనును కూడా దీపం వెలుగులో పెట్టి చూసే రకం.

"బావా, కొలిపించావా?" అన్నాడు రాగానే.

"లెక్కల సారును నేను. నాకు కొలిపించుడేంది?"

"లెక్కల సారువని కాదు. మా బావవి కదా అని అడుగుతున్నా."

కాగితంలో గజాలు స్పష్టంగానే రాసి ఉన్నాయి. నేను పెరట్లో నిలబడి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, సైన్యాన్ని చూసే సేనాపతిలా ఇటు నుంచి అటు చూసి, "ఆ, గంతే ఉంటది" అని తేల్చేశాను. తర్వాత తేలిందేమిటంటే, కంచె లోపల ఉన్న జాగా కాగితంలో ఉన్నదానికి సరిగ్గా రెండింతలు. ఒకటికీ రెండుకీ తేడా కనిపెట్టలేని మనిషి పదో తరగతికి లెక్కలు చెబుతున్నాడన్న సంగతి మీలోనే ఉంచుకోండి. మా బడి పిల్లల తల్లిదండ్రులు కూడా పుస్తకాలు చదువుతారు.

అలాగని నేను బొత్తిగా తెలివిలేనివాణ్ణని అనుకోకండి. బేరం ఖాయం చేసుకునే రోజు కొలుద్దామనే వెళ్ళాను. ఆత్మకూరు దగ్గర మా బడిలో ఆటల సారును అడిగి, లాంగ్ జంప్ కొలిచే టేపు సంచిలో వేసుకుని మరీ వెళ్ళాను. ఇంట్లోకి అడుగు పెట్టగానే మసాలా వాసన ఎదురొచ్చింది.

"ముందుగాల తినున్రి సారూ. జాగ యాడికి పోతది?" అన్నాడు యాదగిరి.

మా వైపు పద్ధతి మీకు తెలియంది కాదు. బేరం కుదిరిన రోజున యాట, అంటే మేకపోతు, తెగాల్సిందే. బగారన్నం, యాటకూర, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. యాదగిరి భార్య గరిటె పట్టుకుని మా వెనకే నిలబడింది. నేను చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించింది. "సారుకు ఇంకో రెండు నల్లిబొక్కలెయ్యి" అని యాదగిరి లోపలి నుంచి కేకేశాడు. నేను తిన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎముకల్లో మూలుగ కూడా వదలకుండా బాగా తిన్నాను.

చెయ్యి కడుక్కున్నాక రమేష్ నన్ను మోచేత్తో పొడిచాడు. "బావా, టేపు."

"ఊకో. మంచిగుండదు."

"ఏం బాగుండదు? కూర బాగుంది. కొలిస్తే ఇంకా బాగుంటది."

"కడుపునిండ పెట్టిండ్రు. ఇప్పుడు టేపు తీస్తే వాళ్ళేమనుకుంటరు?"

"కొలవకపోతే రేపు మనమేమనుకుంటామో అది చూసుకో."

నేను చూసుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నా మీద నాకే కోపం వస్తుంది. కానీ మీరే చెప్పండి, వాళ్ళ అన్నం ఇంకా అరగలేదు, కడుక్కున్న చెయ్యి ఇంకా ఆరలేదు, అప్పుడే సంచిలోంచి టేపు తీసి "యాదగిరీ, గా కొస పట్టుకో" అంటే మనిషిని నమ్మనట్టు కాదూ? తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదన్నారు పెద్దలు. తిన్నింటి గజాలు లెక్కపెట్టకూడదని ఎవరూ అనలేదు. ఆ తేడా నాకు ఆ రోజు తట్టలేదు. టేపు సంచిలోంచి బయటికి రాకుండానే బడికి తిరిగి వెళ్ళింది. "కొలిచిండ్రా సార్?" అని ఆటల సారు అడిగితే "అయ్యో, అయిపోయింది" అన్నాను. నిజమే, అయిపోయింది.

ఇల్లు మాదైంది. ఇక చూడండి మా వైభోగం. రంగు డబ్బాల్లోని మొక్కలన్నీ నేలలోకి దిగాయి. విజయ ఒక్కొక్క డబ్బాను కొట్టి, వేళ్ళు చెదరకుండా మట్టిగడ్డతో సహా తీసి, పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు గుంతలో పెట్టేది. ఖాళీ డబ్బాలను పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. "ఉంచుకోరాదు, మళ్ళ అక్కరొస్తయేమో" అన్నాను. "ఇంకెందుకండీ?" అంది. ఆ "ఇంకెందుకండీ"లో ఎంత ధీమా ఉందో ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది.

మొక్కలైతే దిగాయి గానీ నేల మంచిది కాదు. పందిరి ఉన్న మేర తప్ప మిగతాదంతా మొరం, గడ్డపార దిగదు. మా తాత అనేవాడు, మంద పెట్టిన మడిలో మన్ను కూడా తియ్యగుంటదని. పంటలు కోశాక గొర్లను రాత్రిపూట చేలో నిలబెట్టించుకుంటే వాటి పెంట, మూత్రం పడి నేల బలం పుంజుకుంటుంది. దానికి గొర్ల కాపరులకు ఇంత అన్నం పెట్టి, ఇన్ని వడ్లు ఇస్తారు. పొలాల్లో అందరూ చేసే పనే. కాలనీలో చేసింది నేనే. పెద్దవూర వైపు నుంచి మేపుకుంటూ వస్తున్న మంద ఒకటి రోడ్డు మీద ఎదురైతే బండి ఆపి బతిమాలి తోలుకొచ్చాను. వెనక్కి పోవడానికి ఇంటి పక్కన సందు లేదు కాబట్టి ఒక్కొక్క గొర్రె మా హాల్లోంచే నడిచి వెనక్కి వెళ్ళింది. ఒకటి మాత్రం టీవీ ముందు ఆగి వార్తలు చూసింది.

తెల్లవారేసరికి ఎదురింటాయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు. "సారూ, ఇది కాలనీయా, అంగడా?"

"జర ఓపిక పట్టున్రి. రేపు జామపండ్లు తినేది మీరే గద."

ఆ మాట ఎంత నిజమైందో చూస్తే నా నోటికి ఏదో మహిమ ఉందనిపిస్తుంది. చివరికి ఆ జామపండ్లు మావి తప్ప అందరివీ అయ్యాయి.

మంద పుణ్యమా అని ఆ ఏటి నుంచి నేల తిరిగింది. మల్లె మళ్ళీ అల్లుకుంది. కరివేపాకు నా ఎత్తు పెరిగింది. నిమ్మ, దానిమ్మ, సపోటా అన్నీ నిలబడ్డాయి. అన్నిటికన్నా జామచెట్టు. విజయ పుట్టింటి జామకు అంటు కట్టి తెచ్చిన కొమ్మ అది. లోపల ఎర్రగా ఉంటుంది కాయ. మొదటి కాయ పండినప్పుడు చిలక కొడుతుందని దానికి నా పాత సాక్సు తొడిగింది. నాకు ఆ సంబరం చాలక, మా డ్రాయింగ్ సారుతో బోర్డు కూడా రాయించి కంచెకు తగిలించాను: "విజయవనం". ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఇలాంటివాళ్ళను చూసే అని ఉంటారు.

అలా కొన్ని వానాకాలాలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం తెల్లచీర కట్టుకుని, నల్ల గొడుగు పట్టుకుని, చేతిలో చిన్న సంచితో ఒక పెద్దావిడ వచ్చి కంచె అవతల నిలబడింది. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళంతా కరివేపాకుకే వస్తారు కాబట్టి నేను అదే అనుకున్నాను.

"కరివేపాకా అమ్మా?"

"కాదు సార్. ఊకనే ఒకసారి సూసి పోదామని వచ్చిన."

చూసిపోదామని వచ్చిందట! తోట పెట్టినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? తీగ పైకెత్తి లోపలికి రమ్మన్నాను. ఒక్కొక్క చెట్టు దగ్గర ఆగి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాను. ఆవిడ ఓపికగా విన్నది. ఆకులు నిమిరింది. మంచి శ్రోత దొరికితే మేష్టారికి పీరియడ్ అయిపోయిన సంగతి తెలియదు.

"ఇది ఒకప్పుడు ఎట్లుండె అనుకున్నరు? ఉత్త మొరం. గడ్డి గూడ మొలవకపోయేది" అన్నాను.

"అవు. గడ్డపార దిగకపోయేది."

"మీకెట్ల ఎరుక?"

"రాళ్ళు పాతేటప్పుడు నేను గీడనే నిలబడ్డ సార్."

"ఏం రాళ్ళు?"

"హద్దురాళ్ళు. మీ బట్టలుతికే బండ పక్కన ఒకటి ఉండాలె, సూడున్రి."

చూశాను. బండ పక్కన తల చదునుగా చెక్కిన రాయి ఒకటి నిజంగానే ఉంది. ఇంటికి వచ్చిన రోజు నుంచీ దాని మీదే మేము సబ్బు పెట్టుకుంటున్నాం. ఆ రోజు కూడా సబ్బు దాని మీదే ఉంది.

"ఎప్పుడు పాతిండ్రు?" అన్నాను. రాయి మీది సబ్బును మెల్లగా తీసి పక్కన పెట్టాను.

"కొన్నప్పుడు."

"ఎవరు కొన్నప్పుడు?"

"నేను కొన్నప్పుడు."

"ఏది కొన్నప్పుడు?"

"ఇదే సార్. మీరు నిలబడ్డది."

నేను గబుక్కున పక్కకు జరిగాను. అక్కడికేదో నా కాళ్ళ కింద ఉన్నది మాత్రమే ఆవిడదైనట్టు. జరిగి నిలబడ్డది కూడా ఆవిడదే.

ఆవిడ పేరు మార్తమ్మ. మిర్యాలగూడ దవాఖానాలో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆ సంగతి ఆవిడ చెబుతుండగానే నేను యాదగిరికి ఫోను కలిపాను. ఆవేశంలో స్పీకరు నొక్కాను. విజయ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"నమస్తె సారూ! మంచిగున్నరా? జామచెట్టు మస్తు కాస్తున్నదట గద!"

"యాదగిరీ, ఎనకాల జాగ ఎవరిది?"

"మార్తమ్మది."

"గా ముచ్చట నాకెందుకు చెప్పలె?"

"మీరు అడగలె."

"అడగకపోతే చెప్పవా?"

"సారూ, కాయితంల ఎన్ని గజాలున్నయో గన్నే అమ్మిన. ఆమె జాగల కంపచెట్లు మొలుస్తయని ఆమెనడిగి కూరగాయలు పెట్టుకునేది. పశువులు రాకుంట రెండిటికి కలిపి కడీలు పాతిన. కాలనీల అందరికి ఎరుకే. మీరు గూడ ఆమెనడిగే తోట పెట్టిండ్రనుకున్నం."

"మరి బేరం రోజన్న చెప్పొద్దా?"

"గా రోజు మీ సంచిల టేపు కనబడ్డది సారూ. లెక్కల సారు గద, ఇప్పుడు కొలుస్తడు, ఇగ కొలుస్తడు అని సూస్తనే ఉన్న. నేనే కొలువున్రి అందామనుకున్న. మీరు బొక్క సప్పరిస్తున్నరు. తినేటోన్ని లేపినట్టయితదని ఊకున్న."

ఇదీ సంగతి. అటు ఆయన మొహమాటపడ్డాడు, ఇటు నేను మొహమాటపడ్డాను. రెండు మొహమాటాల మధ్య విజయ తోట పోయింది. ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఏమని తిట్టాలో తెలియలేదు. కూర బాగా వండించినందుకు ఎవర్ని తిడతాం?

మార్తమ్మ దబాయించలేదు. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. గొడుగు మడిచి గట్టు మీద కూర్చుని విజయ వైపు తిరిగి చెప్పింది.

"ఉద్యోగమంత క్వార్టర్లల్లనే ఎల్లిపోయింది బిడ్డా. క్వార్టర్ల గోడకు మొల గూడ కొట్టనియ్యరు. ఏసయ్య పటం బల్ల మీదనే పెట్టుకున్న ఇన్నేండ్లు. గిప్పుడన్న ఒక సొంత గోడ కట్టుకుందామని వచ్చిన."

విజయ ఆవిడ ముఖంలోకి చూస్తూ నిలబడింది. రంగు డబ్బాలు మోసిన మనిషికి ఆ మొల సంగతి చెప్పకుండానే అర్థమైంది. "టీ తాగుతారా అమ్మా?" అని లోపలికి వెళ్ళింది. టీ రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినప్పుడు విజయ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి గ్యాసుదే కాబట్టి పొగ అనుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది.

ఆ మర్నాడు మళ్ళీ ఆటల సారు దగ్గర టేపు తెచ్చాను. ఈసారి కొలిచాను. రమేష్ కోదాడ నుంచి వచ్చి అటు కొస పట్టుకున్నాడు. సబ్బు రాయి దగ్గర నుంచి మా వెనక గోడ దాకా మాకు మిగిలింది బట్టల దండెం కట్టుకునేంత. రమేష్ నన్ను ఎగతాళి చేస్తాడని ఒళ్ళు బిగబట్టుకుని ఉన్నాను. వాడు మాత్రం టేపు మెల్లగా చుట్టి నా చేతిలో పెట్టి, "అక్క ఏదీ?" అని లోపలికి వెళ్ళాడు. వాడు నాలుగు తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

మార్తమ్మ వానలు తగ్గేదాకా ఆగింది. ఆ లోపల మొక్కలు తీసుకొమ్మంది. తీసుకుని ఎక్కడ పెట్టాలి? సూర్యాపేటలో తిరిగి తిరిగి ఖాళీ రంగు డబ్బాలు కొనుక్కొచ్చాను. మా డబ్బాలు ఏ పాత సామాన్లవాడికి ఇచ్చామో, అవే మళ్ళీ నాకు అంటగట్టారేమో కూడా తెలియదు. గులాబీలు, కనకాంబరాలు డబ్బాల్లోకి ఎక్కాయి. కరివేపాకు ఎక్కింది గానీ వారానికే వాడిపోయింది. నేలలో హాయిగా కాళ్ళు చాపుకుని పెరిగిన చెట్టు డబ్బాలో ముడుచుకుని బతకమంటే ఎలా బతుకుతుంది? మల్లెను తవ్వబోతే విజయ నా చేతిలోంచి గడ్డపార తీసుకుంది. కొమ్మలు మాత్రం కత్తిరించి తెచ్చుకుంది. మొదలు జోలికి పోలేదు.

జామచెట్టు కదలదు. నేను దాన్ని కూడా తవ్వి జేసీబీతో తెద్దామన్నాను. "తెచ్చి ఎక్కడ పెడతారు? దండెం మీదా?" అంది విజయ. తోట పోయిన తర్వాత ఆవిడ నన్ను అన్న కఠినమైన మాట అదొక్కటే. ఇంకో నాలుగు అంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. నీ చెట్టు మీద ఎవడూ చెయ్యి వెయ్యడని మాట ఇచ్చింది నేను. ఈసారి చెయ్యి వేయించింది కూడా నేనే. మల్లె కొట్టించిన ఓనరు ఒక్కసారే కొట్టించాడు, నేను అయితే నాటించి, పెంచించి, కాయించి మరీ వదిలిపెట్టించాను. ఆ బోర్డు విప్పుతుంటే నాకు సిగ్గు కన్నా బాధే ఎక్కువైంది. అట్టముక్క లాంటి ఆ బోర్డును ఎక్కడ దాచాలో తెలియక మంచం కిందకు తోశాను.

పునాదులు తవ్వే రోజు మార్తమ్మ మా ఇంటికి వచ్చింది. వెంట మేస్త్రి ఉన్నాడు.

"బిడ్డా, వంటింటి గోడ సక్కగ రావాల్నంటె జామచెట్టు తియ్యాలె అంటుండు. ఏమంటవ్?"

"మీ జాగా. మీ ఇష్టం అమ్మా."

"జాగ నాదే. చెట్టు నీది గద. అందుకే అడుగుతున్న."

విజయ కొంగు చివర నలుపుతూ నిలబడింది. మార్తమ్మ ఆమెను ఒకసారి చూసి మేస్త్రి వైపు తిరిగింది.

"గోడ అవతలికి జరుపు."

"అవతలికి జరిపితె వంటిల్లు సన్నమైతదమ్మా."

"నేనొక్కదాన్ని. ఎంత వండుకుంట? జరుపు."

అలా జామచెట్టు బతికింది. మార్తమ్మ ఇల్లు లేచింది, మధ్యలో గోడ లేచింది. గోడకు అటు చెట్టు, ఇటు మా దండెం. విజయ ఇప్పుడు మేడ మీద డబ్బాల్లో మొక్కలు పెంచుకుంటోంది. కనీసం స్లాబు మాదే కాబట్టి చెమ్మ దిగినా తిట్టేవాళ్ళు లేరు. నేల ఉన్న ఇల్లు కొనిస్తానని, ఆకాశం ఉన్న ఇల్లు కొనిచ్చాను.

ఇక అసలు సంగతి. మార్తమ్మ ఇంట్లో చేరిన తర్వాత మొదటి కాపుకు, గోడ మీదుగా ఒక గిన్నె నిండా కాయలు అందించింది. "విజయా, మీ చెట్టు కాయలు" అంది. మా ఆవిడ ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. మరుసటేడు కూడా గిన్నె వచ్చింది. "విజయా, చెట్టు కాసింది, తీస్కో" అంది. నాకు ఏదో తగ్గినట్టు అనిపించింది గానీ ఏమిటో తెలియలేదు. పోయిన వారం మళ్ళీ గిన్నె వచ్చింది.

"విజయా, మా చెట్టు కాయలు. తిని సూడు, ఎంత తియ్యగున్నయో!"

నేను దండెం దగ్గరే ఉన్నాను. "అది..." అని నోరు తెరిచేలోపే విజయ నా కాలు తొక్కింది. గట్టిగా తొక్కింది.

"చాలా బాగున్నయమ్మా మీ కాయలు. ఏం వేశారేంటి చెట్టుకి?"

"ఏం ఎయ్యలే బిడ్డా. మా నేలే అసుంటిది. మంచి నేల."

మంచి నేలట! నా హాల్లోంచి నడిచి వెళ్ళిన గొర్రెలన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు నడిచాయి. లోపలికి వచ్చాక విజయ కాయ కోసి, ఉప్పూ కారం అద్ది నా చేతిలో ఒక ముక్క పెట్టింది. "ఎందుకు తొక్కినవ్?" అన్నాను. ఆవిడ తన ముక్క పూర్తిగా తిని, గింజలు కూడా నమిలి, అప్పుడు అంది: "నేను దానికి నీళ్ళు పోయడం మానేసి చాలా రోజులైందండీ. ఇప్పుడు పోస్తున్నది ఆమే కదా." అని గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని అందులో నాలుగు కనకాంబరాలు వేసి, గోడ దగ్గరికి వెళ్ళింది.

కాబట్టి పాఠకులారా, మీరంతా సాక్షులుగా, తూర్పు ముఖంగా నిలబడి, పూర్తి స్పృహతో నేను చేస్తున్న ప్రమాణం ఇది. ఇకమీదట కొలవకుండా ఒక్క గజం కొనను. కొలవకుండా ఎవరింట్లోనూ ముద్ద ముట్టను, ముందు టేపు, తర్వాతే కూర. సబ్బు పెట్టే ముందు ప్రతి రాయినీ నువ్వెవరివని అడుగుతాను. ముఖ్యంగా, నా భార్యకు నేల విషయంలో ఇంకెప్పుడూ మాట ఇవ్వను. ఉప్పూ కారం అద్దిన జామకాయ ముక్క చేతిలో పట్టుకుని మరీ చెబుతున్నాను. ప్రమాణం నాది. కాయ మాత్రం పక్కింటివాళ్ళది.